ఎడమచేతి మెలిక

లారీని వెనక్కి తీయించి షెడ్డులో పెట్టించి, పంపమ్మ ఒక్కతే దాని ముందు నిలబడి ఉండగా కిందటి వారం ఆగాం. పొగ పరీక్షలో ఆ లారీ ఇప్పటికి రెండుసార్లు తప్పింది. గురువారం మూడోసారి వెళ్ళాలి. అదీ తప్పితే పర్మిట్ రద్దవుతుంది, బండి తుక్కుకి పోతుంది. మూడేళ్ళ కిందట ఒక ఉదయం ఒక్క మాటైనా చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్ళిపోయిన భర్త వెనక మిగిల్చినవి రెండే: ఆ లారీ, డీజిల్ పంపులు బాగుచేసే ఈ షెడ్డు. లారీని మరిది నడుపుతున్నాడు. షెడ్డును ఆమె నడుపుతోంది. డ్రైవర్లందరూ ఆమెను పంపమ్మ అనే పిలుస్తారు.

ఆ లారీ కంపెనీ నుంచి వచ్చినట్టు లేదు. ఆయన దానికి, ఇంజన్‌లోకి గాలి ఎక్కువ తోసే పెద్ద టర్బో బిగించాడు. సైలెన్సర్ కోసేసి నిలువు గొట్టం పెట్టాడు. పంపులో డీజిల్ పెంచాడు. రాతి లోడుతో కొండదారి ఎక్కేటప్పుడు మిగతా బండ్లు గసపెడుతుంటే ఇది పాట పాడుకుంటూ పోయేది. వెనక నల్లటి పొగ తోకలా వేలాడేది. అప్పట్లో పొగను ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు పట్టించుకుంటున్నారు, మంచిదే.

రెండు పరీక్షలకూ ముందు ఆమె తన చేత్తోనే పంపు దించి, డీజిల్ తగ్గించి, సీలు వేసి పంపింది. రెండుసార్లూ బండి నల్లగా కక్కింది. పొగ మీటరు మీద మొదటిసారి ఎనభై ఒకటి, రెండోసారి ఎనభై ఎనిమిది. అరవై ఐదు దాటకూడదు. రెండోసారి తప్పిన వారంలోనే ఇద్దరు పాత ఖాతాదారులు తమ పంపులు పట్టుకుని వేరే వీధికి వెళ్ళిపోయారు. "పంపమ్మ చెయ్యి తప్పుతోంది" అని ఎవరో అన్నారట. ఎవరన్నారో ఆమె కనుక్కోలేదు. కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళి అద్దాలు తెచ్చుకుంది.

చెయ్యి తప్పుతోందన్న మాట ఆమెను లోపల్లోపల తినేస్తోంది. ఇల్లు ఖాళీ అయినా తట్టుకుంది. చుట్టాలు ఒక్కొక్కరే రావడం మానేసినా తట్టుకుంది. పొద్దున్నే షటర్ ఎత్తి, పంపును పరీక్షించే బెంచి ముందు కూర్చుంటే తనకంటూ ఒక చోటుందని అనిపించేది. బెంచి మోటారు ఆపితే షెడ్డులో ఇంకో శబ్దం ఉండదు గనక, పని లేకపోయినా కాసేపు దాన్ని తిరగనిచ్చేది. ఇప్పుడు ఆ బెంచి ముందు కూర్చోవాలన్నా భయమేస్తోంది.

మంగళవారం మధ్యాహ్నం ఆమె బానెట్ ఎత్తింది.

ముందు సీలు తియ్యాలి. ఇంజన్‌కి ఎంత డీజిల్ పోవాలో తేల్చే స్క్రూ ఒకటి పంపు పక్కన ఉంటుంది. సెట్టింగ్ అయ్యాక దాన్ని ఎవరూ కదపకుండా, తలలోని రంధ్రంలోంచి సన్నటి తీగ దూర్చి, మెలిపెట్టి, చివర సీసం గుండు నొక్కుతారు. సీసం మీద షెడ్డు గుర్తు పడుతుంది. వీళ్ళ గుర్తు వలయంలో చుక్క. అది నొక్కే పట్టకార్లు రెండు చేయించుకున్నారు, ఆయనకొకటి, ఆమెకొకటి. వెళ్ళిపోయిన రోజు ఆయన తీసుకెళ్ళినవి ఒక జత బట్టలు, తన పట్టకారు.

తీగ తెంపే కటింగ్ ప్లయరు కోసం వెతికింది. పక్క షెడ్డులోని వెల్డర్ బాబాయి పట్టుకెళ్ళినట్టు గుర్తొచ్చింది.

"బాబాయ్, నా కటింగ్ ప్లయరు!"

"ఇదిగో, తెస్తున్నానమ్మా!" అని గోడ అవతల్నుంచి వినపడింది.

ఆ బాబాయి 'ఇదిగో' అన్నాడంటే ఈ పూటకి ఆశ వదులుకోవాలి. ఆమె తీగను వేళ్ళతోనే విప్పబోయింది. ఎన్ని వేల సీళ్ళు కట్టిన వేళ్ళో అవి. తీగ ఎటు తిప్పితే విడుతుందో వాటికి వేరే చెప్పక్కర్లేదు. తిప్పింది.

విడలేదు. బిగిసింది.

మళ్ళీ తిప్పింది. ఇంకా బిగిసి, తీగ కొస వేలికి గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుని, అద్దాలు ముక్కు మీదికి తోసుకుని, టార్చి వేసి చూసింది. సీసం మీద వలయం ఉంది, చుక్క ఉంది. స్క్రూ మీద తను పూసే పసుపు రంగు గీత కూడా ఉంది. రెండుసార్లు పరీక్ష తప్పి వచ్చినప్పుడూ ఇవే చూసి, సీలు పదిలంగానే ఉందనుకుని, కసుక్కున తెంపి పారేసి, మళ్ళీ తగ్గించి కొత్త సీలు వేసింది. సీసం మీద గుర్తు చూస్తారు గానీ తీగ మెలిక ఎటుందని ఎవరు చూస్తారు?

ఈ మెలిక ఎడమవైపు తిరిగి ఉంది.

ఆమె బానెట్ అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఈ పని ఆమెకు నేర్పింది ఆయనే. ఎదురుగా కూర్చుని మెలిపెట్టి చూపించేవాడు. ఆయనది ఎడమచేతి వాటం. ఆమె కుడిచేత్తో చేస్తే మెలిక ఎదురు తిరిగేది. "అద్దంలో చూసినట్టుంది నీ పని" అని నవ్వేవాడు.

సీసాన్ని గోటితో గీకింది. లోపలా బయటా ఒకే మెరుపు. పాతబడిన సీసం నల్లబడుతుంది. ఇది వేసి వారం కూడా అయి ఉండదు.

బతికే ఉన్నాడన్న ఆలోచన ఆమెకు ముందు రాలేదు. నా చెయ్యి బాగానే ఉందన్నది ముందొచ్చింది. ఆ రెండూ వచ్చిన వరస గుర్తించి, చూసేవాళ్ళెవరూ లేకపోయినా సిగ్గుపడింది.

తీగను ఎడమ నుంచి కుడికి, తనకు అలవాటు లేని దిక్కుకు తిప్పి విప్పింది. పంపు దించి బెంచికి బిగించి తిప్పింది. కొలత గీతలున్న గాజు గొట్టాల్లో డీజిల్ పైకి లేచింది. తను పెట్టిన గీత దాటింది, దాని పైగీతా దాటింది. స్క్రూని లెక్కపెడుతూ వెనక్కి తిప్పితే, తను గుర్తుగా పెట్టుకున్న పాత ఉలి గాటు దగ్గరికి రావడానికి ఒకటీ ముప్పావు చుట్టు పట్టింది.

అది ఆమెకు అర్థం కాలేదు. ఆయన డీజిల్ పెంచేవాడే, కానీ ఇంత పెంచడు. పావు చుట్టు తిప్పి, "తొక్కు" అనేవాడు. ఆమె క్యాబిన్‌లో కూర్చుని యాక్సిలేటర్ తొక్కేది. ఆయన గొట్టం దగ్గర నిలబడి పొగ చూసేవాడు. బూడిదరంగు తిరుగుతుండగానే చెయ్యెత్తి ఆపించేవాడు. అర చుట్టు దాటిన రోజు ఆమెకు గుర్తు లేదు.

మరిది నాలుగింటికి వచ్చాడు. అతను మామూలుగా మాట్లాడినా వీధి చివరికి వినపడుతుంది. డ్రైవర్లు అతనికి హారన్ అని పేరు పెట్టారు. లోపలికి వస్తూనే మొదలుపెట్టాడు.

"వదినా! రేపటికి రెడీ అయిపోతుందా? ఈసారి గనక బండి పాసవ్వకపోతే, ఆ గొట్టానికి నా నోరు అడ్డం పెట్టి పొగంతా మింగేస్తా!"

"ఇలా కూర్చో" అంది పంపమ్మ, స్టూలు చూపించి.

ఆ గొంతు విని అతను కూర్చున్నాడు. ఆమె తీగ ముక్క అతని అరచేతిలో పెట్టింది.

"ఈ సీలు ఎవరు వేశారు?"

"నువ్వే కదా. ఇదిగో చుక్క, ఇదిగో వలయం."

"రెండు నెలల నుంచి నేనూ చుక్కే చూస్తున్నాను. ఆ మిగిలిన మెలిక విప్పు."

హారన్ తిప్పాడు. తీగ బిగిసింది. ఇంకోసారి తిప్పి ఆపేశాడు. పక్క షెడ్డులో వెల్డింగ్ చిటపటలు ఆగి మళ్ళీ మొదలయ్యాయి. అతను తల ఎత్తలేదు.

"ఈ వీధిలో ఎడమచేత్తో సీలు కట్టేవాడు నాకు తెలిసి ఒక్కడే ఉండేవాడు" అంది ఆమె. "ఎక్కడున్నాడు?"

"వదినా..."

"ఎక్కడున్నాడని అడిగాను."

"కొండ అవతల." ఈసారి గొంతు పక్కవాడికి కూడా వినపడనంత తగ్గిపోయింది. "దారి దిగగానే బండ్లు ఆగే చోటుంది కదా, అక్కడ టైరు షాపు. దాని వెనక గదిలో ఉంటున్నాడు."

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?"

"రెండేళ్ళు."

ఆమె చెయ్యి బెంచి అంచు మీద ఉంది. తియ్యలేదు.

"రెండేళ్ళు. వారానికి రెండుసార్లు ఇక్కడికొచ్చావు. ఆ స్టూలు మీదే కూర్చుని టీ తాగావు. మీ అన్నయ్య ఎక్కడున్నాడో ఏమో అని నేనంటే, నాతోపాటు నువ్వూ 'ఏమో' అన్నావు."

"ఒట్టు వేయించుకున్నాడు వదినా. నీకు చెప్తే అక్కణ్ణించి కూడా వెళ్ళిపోతానన్నాడు. నాకైనా తెలిసి ఉండడం నయం కదా అనుకున్నా."

"సరే. ఒట్టు సంగతి మీరిద్దరూ చూసుకోండి. పంపు సంగతి చెప్పు."

హారన్ మొహం తుడుచుకున్నాడు. "నువ్వు తగ్గించి పంపావా, లోడుతో కొండెక్కలేదు బండి. మొదటి గేరులో కూడా ఏడ్చింది. రెండు మలుపుల దగ్గర ఆగిపోయింది, చక్రాల కింద రాళ్ళు పెట్టి లాక్కొచ్చా. టైరు షాపుకి ఇంకా దూరంగా ఉండగానే అన్నయ్య విన్నాడంట. 'నా బండేంట్రా ఇలా ఏడుస్తోంది' అంటూ రోడ్డు మీదికి వచ్చేశాడు. పరీక్ష ఉంది, తగ్గించాల్సి వచ్చిందని చెప్పా. 'పరీక్షకి ఆ మాత్రం చాలు, నాకు తెలీదా' అని తిప్పాడు. రెండోసారీ అంతే. పోయిన వారం కూడా అంతే."

"పసుపు గీత?"

అతను తీగ ముక్కను బెంచి మీద పెట్టేశాడు.

"గీత ఎవరు పూశారు?"

"నేనే. సీలు మాత్రం ముట్టుకోనివ్వలేదు. తనే కట్టాడు. నువ్వు కనిపెట్టకూడదని."

పంపమ్మ లేచి వెళ్ళి కొళాయి దగ్గర చేతులు కడుక్కుంది. చేతులకు ఏమీ అంటలేదు. అయినా సబ్బు పెట్టి రెండుసార్లు కడుక్కుంది. తిరిగి వచ్చి మామూలు గొంతుతోనే అంది.

"నా చెయ్యి పోయిందని ఊరంతా అనుకుంటుంటే విన్నావు. నేను కళ్ళద్దాలు తెచ్చుకుంటే బాగున్నాయి వదినా అన్నావు. నీ ముందే కదరా నేను ఒకే పంపుని నాలుగుసార్లు బెంచెక్కించి చూసుకున్నది."

"తప్పే వదినా. కొట్టు, పడతా."

"కొట్టి ఏం చేసుకోను. ఒక్కటి చెప్పు. ఒకటీ ముప్పావు చుట్టు తిప్పాడు. ఆయన అంత తిప్పడు. పొగ చూసి ఆపేస్తాడు. ఈసారి ఎందుకు ఆపలేదు?"

హారన్ స్టూలు మీంచి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"చూడలేడు వదినా."

"అంటే?"

"కళ్ళు కనపడవు అన్నయ్యకి. వెలుతురూ చీకటీ తెలుస్తాయి, అంతే. చెయ్యి పంపు మీద పెట్టి, చెవితో వింటూ తిప్పుతాడు. శబ్దం పాతలా అయ్యేదాకా తిప్పుతాడు. వెనక పొగ ఎంత నల్లగా పోతోందో నేను చెప్పాలి. నేను... బండి బాగా లాగుతోంది కదా అని చెప్పలేదు." గొంతు సవరించుకున్నాడు. "కళ్ళు పోతున్నాయనే ఇల్లు వదిలేశాడు. నీకు బరువు కాకూడదంట. అదే చెప్పాడు నాతో."

గోడ అవతల వెల్డింగ్ ఆగింది. వెల్డర్ బాబాయి కటింగ్ ప్లయరు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, దాన్ని నెమ్మదిగా డ్రమ్ము మీద పెట్టి వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

మరిది వెళ్ళాక పంపమ్మ బెంచి మోటారు వేసి, పంపేదీ బిగించకుండానే, దాని ముందు కూర్చుంది. బరువు. ఎవరు అడిగారు ఆయన్ని? కళ్ళు పోతే తను చూసేది, చెప్పేది. అలవాటైన పనే. అప్పుడు ఆయన కింద నిలబడితే తను పైన తొక్కేది; ఈసారి తను కింద నిలబడి ఆయన్ని తొక్కమనేది. అంత చిన్న మార్పుకి మూడేళ్ళు ఖర్చయ్యాయి.

కోపం వచ్చినంత తేలిగ్గా ఏడుపు రాలేదు. మోటారు ఆపి పనిలోకి దిగింది.

ఒక విషయం మాత్రం ఆయన చెప్పకనే చెప్పాడు. ఊరికే డీజిల్ తగ్గిస్తే పరీక్ష పాసవుతుంది, కొండ ఎక్కదు. ఎక్కకపోతే మళ్ళీ ఎవరో ఒకరు తిప్పుతారు. బండి ఎక్కాలి, పొగా రాకూడదు. నల్లపొగ ఎందుకొస్తుంది? తొక్కగానే డీజిల్ దూకుతుంది, టర్బో గాలి మాత్రం తీరిగ్గా వస్తుంది. గాలి అందని డీజిల్ మసి అవుతుంది. టర్బో గాలి వచ్చేదాకా డీజిల్‌ని ఆపడానికి కంపెనీవాళ్ళు పంపు నెత్తిన ఒక రబ్బరు పొర, దాని కింద ఒక స్ప్రింగు పెట్టారు. బండి ఉలిక్కిపడ్డట్టు దూకాలని ఆయన దాన్ని పీకేసి బోల్టు దిగ్గొట్టాడు. రెండుసార్లూ ఆ బోల్టు జోలికి ఆమె పోలేదు. ఆయన చేసిన పని గదా, పోనీ అనుకుంది.

బుధవారం పొద్దున్నే ఆ బోల్టు ఊడపీకింది. తుక్కు పంపుల్లో వెతికి చిరగని పొర ఒకటి పట్టుకుంది. స్ప్రింగు కింద పల్చటి వాషర్లు ఒక్కొక్కటే వేస్తూ, తీస్తూ, గాలి పెంచుతూ గాజు గొట్టాలు చూసింది. గాలి లేనప్పుడు డీజిల్ తక్కువ. గాలి పెరిగే కొద్దీ మెల్లగా ఎక్కువ. నిండుగా వచ్చాక ఆయన అర చుట్టుకి సరిపడా. పదకొండో ప్రయత్నానికి గీతలు కుదిరాయి. రెండోసారి కొలిచింది. మూడోసారి అద్దాలు తీసేసి కొలిచింది. అవే గీతలు.

ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు ఆరూ విప్పి స్ప్రే చూసింది. ఒకటి ధారగా కారుస్తోంది, మార్చింది. టర్బో నుంచి వచ్చే గాలి గొట్టం కింద సబ్బునీళ్ళు పూస్తే బుడగలొచ్చాయి. క్లాంపు బిగించింది. ఎయిర్ ఫిల్టర్ మార్చింది. పొగగొట్టం అతుకు దగ్గర పగిలితే వెల్డర్ బాబాయి కిందికి దూరాడు.

"అమ్మాయ్, ఇంత పెద్ద గొట్టం పెట్టిన మగాడు తిరిగొస్తే నాకు చెప్పు. ఇందులోనే దూర్చి వెల్డింగ్ పెట్టేస్తా" అన్నాడు కిందనుంచి.

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైందని ఆ శబ్దం విన్నాకే తెలిసింది.

మూడింటికి సగం లోడు రాయి వేయించి, ఊరి చివర వంతెన ఎక్కించింది. గొట్టంలో పేరుకున్న పాత మసి కక్కించకపోతే, కొత్త పంపు పెట్టినా మీటరు పాత పాపాలే చదువుతుంది. ఆమె వంతెన పైన పిట్టగోడ దగ్గర నిలబడింది. హారన్ కిందికీ పైకీ ఆరుసార్లు తొక్కాడు. మొదటిసారి నల్లటి మేఘం లేచింది. రెండోసారి పల్చబడింది. నాలుగోసారి లారీ ఆమెను దాటిపోతుంటే వెనక ఆకాశం ఆకాశంలాగే కనపడింది. బండి ఏడవలేదు, అడ్డంగా గాలీ వానా వచ్చినా ఎక్కేలా నిబ్బరంగా ఎక్కింది.

పని కుదిరినప్పుడు 'చూశావా' అనడానికి పక్కన ఒక మనిషి కావాలి. వంతెన మీద పోయే స్కూటర్లవాళ్ళు ఆమెను చూసి, దేనికోసమో ఎదురుచూస్తోందనుకుని, పోతూ పోతూ వెనక్కి తిరిగి చూశారు.

గురువారం పదింటికి పరీక్ష కేంద్రం గేటు ముందు వరసలో ఐదో బండి వీళ్ళది. ఇంజన్ చల్లారకుండా తిప్పుతూనే ఉంచమంది ఆమె. ఇన్‌స్పెక్టర్ కాగితాలు చూసి, లారీని చూసి, చొక్కా చేతులు పైకి మడిచాడు.

"మళ్ళీ వచ్చారా? నిన్ననే ఉతికిన చొక్కా ఇది."

"వేసుకునే ఉండండి సార్, ఏం కాదు" అన్నాడు హారన్.

"పోయినసారీ ఇదే అన్నావు."

లోపలికి డ్రైవరు తప్ప ఎవరూ వెళ్ళకూడదు. పంపమ్మ కిటికీ బయట, చువ్వలు పట్టుకుని నిలబడింది. ఇన్‌స్పెక్టర్ మీటరు గొట్టాన్ని పొగగొట్టంలోకి దూర్చి చెయ్యెత్తాడు. హారన్ యాక్సిలేటర్ పూర్తిగా తొక్కాడు. ఇంజన్ ఒక్క రెప్పపాటు ఆగినట్టు ఆగి, గాలి అందుకుని లేచింది. మీటరు మీద ఎర్ర అంకెలు ఇక్కణ్ణించి మసకగా కనపడుతున్నాయి. ఆమె అద్దాలు సర్దుకుంది. యాభై ఆరు.

మళ్ళీ తొక్కాడు. నలభై ఏడు. మళ్ళీ. నలభై మూడు. నాలుగోసారి నలభై రెండు.

ఇన్‌స్పెక్టర్ గొట్టం బయటికి లాగి, కొసను చూసి, మళ్ళీ దూర్చాడు. "మీటరు మీద నమ్మకం పోతోంది నాకు. ఇంకోసారి తొక్కు."

నలభై రెండు.

"పంపు ఎవరు చేశారు?"

"మా వదిన!" హారన్ గొంతు తిరిగొచ్చింది. వరసలో ఉన్న డ్రైవర్లందరూ తలలు తిప్పారు. "పంపమ్మ! అదిగో, కిటికీ దగ్గర!"

ఆమె చువ్వలు వదిలేసి, ఎటు చూడాలో తెలియక చీర కొంగుతో అద్దాలు తుడుచుకుంది. వీళ్ళ వెనక మూడో బండి డ్రైవరు, పోయిన నెల పంపు పట్టుకుని వేరే వీధికి వెళ్ళిపోయినవాడే, దిగి దగ్గరికొచ్చాడు.

"అక్కా, నాది కూడా ఒకసారి చూస్తారా?"

"పొద్దున్నే తీసుకురా. నేను వేసే సీలు జోలికి ఎవర్నీ పోనివ్వకు" అంది.

లారీని కేంద్రం బయట చెట్టు నీడలో ఆపారు. పాసైన కాగితం డ్యాష్‌బోర్డు మీద పెట్టి, దాని మీద టార్చి బరువుగా పెట్టాడు హారన్. ఆమె పక్క సీట్లో కూర్చుంది. మూడేళ్ళలో ఆ సీట్లో కూర్చోవడం ఇదే. సీటు గుంట పడి ఉంది, ఎవరి బరువుకి పడిందో తెలుసు.

అప్పుడే హారన్ ఫోను మోగింది. తెర మీద 'టైరు షాపు' అని పడింది. ఆ పేరు ఆమె ఇంతకు ముందు ఎన్నిసార్లు చూసిందో! షెడ్డులో, టీ తాగుతుండగా. ఒకసారి తనే అతనికి అందించింది కూడా: "టైర్లవాళ్ళు చేస్తున్నారు, చూసుకో."

హారన్ ఆమె వైపు చూశాడు. ఆమె వేలు పెట్టి, స్పీకరు గుర్తు నొక్కింది.

"ఏరా, ఏమైంది?"

మూడేళ్ళలో ఆ గొంతు కొంచెం ముసలిదైంది. అంతే.

"పాసయింది అన్నయ్యా. నలభై రెండు."

"నలభై రెండా?" అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "బండి దగ్గరే ఉన్నావా? స్టార్ట్ చెయ్. ఫోను ఇంజన్ దగ్గర పెట్టు."

హారన్ స్టార్ట్ చేసి, రెండు సీట్ల మధ్యనున్న ఇంజన్ మూత ఎత్తి ఫోను దగ్గరగా పట్టుకున్నాడు. ఒకసారి తొక్కాడు.

"మళ్ళీ."

తొక్కాడు. ఇంజన్ ఆగినట్టు ఆగి, గాలి అందుకుని లేచింది. ఫోనులో ఏమీ వినపడలేదు. కట్టయిందేమో అని హారన్ తెర చూశాడు. కట్టవలేదు.

"ఇది నా సెట్టింగ్ కాదు" అన్నాడాయన చివరికి. "గాలి వచ్చేదాకా డీజిల్ని పట్టుకుంది చూడు. అంత ఓపిక నాకెప్పుడూ లేదు. నా బోల్టు పీకేసింది మీ వదిన." కాస్త ఆగి, "పక్కనే ఉందా?"

హారన్ ఆమె మొహం చూశాడు. పంపమ్మ తల అడ్డంగా ఊపింది.

"లేదన్నయ్యా. షెడ్డుకి వెళ్ళిపోయింది."

"నిజంగా?"

"నిజంగా."

"అయితే విను. ఈ మాట నీకు ఎప్పుడో చెప్పాల్సింది. మీ వదిన మాత్రం వినకూడదు." గొంతు తగ్గింది. ఇంజన్ చప్పుడులో మాటలు కొట్టుకుపోతున్నాయి. హారన్ స్విచ్ వైపు చెయ్యి చాపితే, ఆపొద్దని ఆమె అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఇంజన్ ఆగితే తన ఊపిరి ఆయనకు వినపడుతుంది. ఆయన చెవులు ఎలాంటివో ఆమెకు తెలుసు.

"కళ్ళు పోతున్నాయని ఇల్లు వదిలానని నీతో చెప్పాను కదా. అది అబద్ధంరా. ఇంట్లోంచి బయటికి వచ్చిన రోజున నా కళ్ళు నీ కళ్ళంత బాగున్నాయి."